మరిది మొక్కు, వదిన నెత్తి

మా ఇంట్లో మొక్కేది మగవాళ్ళు, మోసేది ఆడవాళ్ళు. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. బర్రె ఈనలేక అల్లాడుతుంటే మా ఆయన చేతులు జోడించి "అమ్మా, దూడ మంచిగ పడితే నీకు బోనం" అనేస్తాడు. ఆషాఢం వచ్చేసరికి ఆ బోనం కుండ నా నెత్తి మీదుంటుంది. రోడ్డు వెడల్పు చేస్తామని ఎవరో వచ్చి మా పాల దుకాణం గోడ మీద ఎర్రగీత గీసి పోయినప్పుడు ఇంకో మొక్కు. ఆ గీత జోలికి మళ్ళీ ఎవరూ రాలేదు, ఇంకో బోనం. పొద్దున్నుంచి ఉపవాసం నాది, చెప్పుల్లేకుండా ఛత్రినాక గల్లీల్లో నడక నాది, మెడనొప్పి నాది. ఆయనేమో కొత్త అంగీ తొడుక్కుని డప్పుల ముందు ఎగిరేవాడు. ఇది అన్యాయమని నాకెప్పుడూ తోచలేదు. తోచి ఉంటే అప్పుడే అనేసేదాన్ని. నా నోటి సంగతి మా బస్తీ అంతటికీ తెలుసు.

ఒక్క మొక్కు మాత్రం నేను మొయ్యలేదు. ఆ ముచ్చట చెప్పాలంటే ముందు మా యారాలి కొడుకు గురించి చెప్పాలి. యారాలంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. బావగారు పోయేనాటికి పిల్లవాడు ఇంకా నిక్కర్లలో బడికి పోతున్నాడు. అప్పటి నుంచి వాణ్ని పెంచింది మా ఆయనే. సైకిల్ నేర్పింది ఆయన, లెక్కలు రాకపోతే వీపు మీద వేసింది ఆయన, ఫౌజులో చేరతానంటే తెల్లవారకముందే లేపి పురానాపూల్ దాకా పరుగెత్తించింది ఆయన. వాడు ముందు పరుగెత్తుతుంటే ఈయన వెనకాల పాల క్యాన్లు కట్టిన మోపెడ్ మీద "ఉరుకు బిడ్డా ఉరుకు" అని అరుస్తూ పోయేవాడు. వాడు సెలెక్ట్ అయిన రోజున బస్తీ మొత్తానికి కోవా పంచాడు. మా సొంత కూతురు పుట్టినప్పుడు కూడా అంత పంచలేదు, ఆ మాట నేను ఇప్పటికీ దెప్పుతుంటాను.

ఆ ఎండాకాలం పిల్లవాడు సెలవు మీద వచ్చాడు. వచ్చి సరిగ్గా నిద్ర కూడా పోలేదు, సరిహద్దులో కొట్లాట మొదలైందని ఫోన్ వచ్చింది, బ్యాగు సర్దుకున్నాడు. తల్లి కాళ్ళకు మొక్కి, చిన్నబాపు అని పిలిచే మా ఆయన కాళ్ళకు మొక్కి, ఆఖరుకు నా దగ్గరికొచ్చాడు.

"చిన్నమ్మా, అమ్మ తింటదో తినదో. జర సూస్కో," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి మా దుకాణం యుద్ధభూమి అయిపోయింది. మా ఆయన ఇంట్లోని టీవీ తెచ్చి దుకాణంలో ఫ్రిజ్ పైన గోడకు తగిలించాడు. అర్ధలీటరు పాలకొచ్చినవాళ్ళు అరగంట నిలబడి యుద్ధం చేసి పోయేవాళ్ళు. ఎక్కడ వెయ్యాలో, ఎంత వెయ్యాలో, ఏ నది నీళ్ళు ఎక్కడ ఆపాలో అంతా మా కౌంటర్ దగ్గరే తేలిపోయేది. తమ ఇంట్లో నల్లా నీళ్ళు రాకపోతే వాటర్ ఆఫీసుకు పోయి అడగడానికి భయపడే మనుషులు రాజధానుల మీద బాంబులు వేయించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఈసారి ఇడ్సిపెట్టొద్దు. నామరూపాల్లేకుండ చెయ్యాలె," అన్నాడు మా ఆయన ఒకరోజు, బల్ల చరిచి.

"ఎవలు చెయ్యాలె? నువ్వా?" అన్నాను. "పాల క్యాన్ ఎత్తంగనే నడుము పట్టుకుంటవ్. ఎద్దు పుండు కాకికి ముద్దంట. పోయేటోడు పోయిండు, పానం చేతుల పెట్టుకొని కూసున్నది వాని తల్లి. ఈడ కూసోని మీరెందుకు ఎగురుతున్రు?"

మా గల్లీలో ఉండే రిటైరైన లెక్కల సారు ఒక్కడే నవ్వాడు. ఆయన మంచివాడు. మా పిల్లవాణ్ని పదో తరగతి గట్టెక్కించింది ఆయనే, ఒక్క పైసా తీసుకోలేదు.

"కోపం జెయ్యకమ్మా," అన్నాడు. "అందరం తుపాకి పట్టలేం. పట్టలేను గనకనే, పట్టినోళ్ళ పక్క ఉన్ననని చెప్పుడు నా ధర్మం. రేపు మన పిలగాడు ఆడ నిలబడి, నా ఎన్క ఎవ్వలు లేరు అనుకుంటె మంచిగుంటదా?"

"పక్క ఉండుడు వేరు సారూ. ఎగదోసుడు వేరు."

"సరే. పోనోళ్ళకు మాట్లాడే హక్కు లేదంటున్నవు. మరి నువ్వు గూడ పోవు గద. యుద్ధం వద్దనే హక్కు నీకెక్కడిది?"

ఆయన గిన్నెలో పాలు పోశాను, ఆ ప్రశ్నే ఆలోచిస్తూ కొలత కంటే ఎక్కువే పోసినట్టున్నాను.

అదే సమయానికి హుస్సేనీ ఆలంలో చాయ్ హోటల్ నడిపే భాయ్ తన క్యాన్ల కోసం వచ్చాడు. మా పాలు లేకుండా ఆయన చాయ్ లేదు, ఆయన లేకుండా మా వ్యాపారం లేదు. మామూలుగా వస్తూనే టమాటా ధర నుంచి మున్సిపాలిటీ దాకా అందరినీ ఆడుకునే మనిషి. ఆ రోజుల్లో క్యాన్లు తీసుకుని గప్‌చుప్‌గా పోయేవాడు. మా ఆయన ఊరుకోక, "భాయ్, నువ్వేమంటవ్?" అని అడిగాడు. ఏదో చెడు తలంపుతో అడగలేదు, అది నాకు తెలుసు. కానీ అక్కడున్న తలకాయలన్నీ ఒక్కసారే ఆయన వైపు తిరిగాయి.

భాయ్ క్యాన్ కింద పెట్టాడు. "క్యా బోలూ భాయ్. మీరు లొల్లి జేస్తె ముచ్చట. నేను జేస్తె ఒక తీరు సూస్తరు, చెయ్యకుంటె ఇంకో తీరు సూస్తరు. బచ్చా మా హోటల్ల బిస్కెట్లు తిని పెరిగిండు. సలామత్, మంచిగ ఇల్లు జేరాలె. బస్," అన్నాడు.

ఆ మాటకు మా ఆయన తల వంచుకున్నాడు. టీవీ మాత్రం వంచుకోలేదు, అరుస్తూనే ఉంది.

పిల్లవాడి ఫోన్ ఎప్పుడో ఒకసారి వచ్చేది. గుర్తులేని నంబరు నుంచి, రెండు మాటలకు సరిపడా. మొట్టమొదట ఎత్తింది మా ఆయనే. ఎత్తగానే, "ఏమిరా బిడ్డా! ఎంతమందిని ఏసిన్రు?" అని అడిగాడు. స్పీకర్ పెట్టాడు, కౌంటర్ దగ్గరున్నవాళ్ళంతా వినాలని. అవతల నుంచి ఏ చప్పుడూ లేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాం. తరవాత చాలా మెల్లగా, "చిన్నమ్మకియ్యి చిన్నబాపూ," అన్నాడు. నేను ఫోన్ తీసుకుని లోపలికి పోయాను.

"అమ్మ తిన్నదా?" అన్నాడు.

తిన్నదని అబద్ధం చెప్పాను. మా యారాలు అప్పటికి ఒక్కపూటే తింటోంది. మా దుకాణంలో పెరుగు తోడుపెట్టేది ఆమె. ఆమె చేతి పెరుగంటే గడ్డలా నిలబడుతుంది, కత్తితో కోసి ఇవ్వొచ్చు. ఆ వారంలో ఒకరోజు తోడు వెయ్యడమే మరిచిపోయింది. పొద్దున్నే పెరుగుకొచ్చిన వాళ్ళకు పాలు చూపించాల్సి వచ్చింది. ఒకామె గొడవకు దిగబోయి, గిన్నె పట్టుకుని నిలబడ్డ మా యారాలి మొహం చూసి, "పోనీ తియ్యక్కా, పాలే పొయ్యి," అంది.

ఆ సాయంత్రం పక్కన కూర్చుని నేనే తోడు వేస్తుంటే మా యారాలు నోరు విప్పింది.

"చెల్లే, నేనొకటి మొక్కుకున్న. ఎవ్వలకు చెప్పకు. గెలుసుడు ఓడుడు నాకు తెల్వది. గా లొల్లి ఆగిపోవాలె, వాడు ఇంటికి రావాలె. వాడు గడప తొక్కిన్నాడు బోనం ఎత్తుత. అందాక ఒక్కపూటనే తింట."

"మంచిగ మొక్కినవక్కా," అన్నాను.

"వానికి తెలిస్తె సిగ్గు పడ్తడేమొ. ఫౌజోని తల్లి గిట్ల మొక్కుతదా, గెలవాలని మొక్కాలె గని," అంది. ఆమె కళ్ళనీళ్ళు పాలలో పడతాయేమోనని మొహం పక్కకు తిప్పుకుంది. కసిరినట్టుగా, "సిగ్గెందుకు? కన్నది నువ్వు గద!" అన్నాను. కోపం తప్ప నాకు ఓదార్పు చేతకాదు.

మా ఆయన మీద కూడా ఆ రోజుల్లో కోపంగానే ఉన్నాను. అయితే ఒక మధ్యాహ్నం వెనక వాకిట్లోకి పోతే, క్యాన్లు కడిగే నల్లా దగ్గర ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నల్లా నిండుగా వదిలాడు. క్యాన్ కడగడం లేదు. ఏడుస్తున్నాడు. నీళ్ళ చప్పుడులో ఎవరికీ వినబడదనుకున్నట్టున్నాడు. వాణ్ని తెల్లవారకముందే లేపి పరుగెత్తించింది తనే గదా! నేను వెనక్కి వచ్చేశాను. కాసేపటికి ఆయన మొహం కడుక్కుని దుకాణంలోకొచ్చి టీవీ సౌండు ఇంకా పెంచాడు. ఆ సౌండు మీద నాకున్న కోపం సగం ఆ రోజే పోయింది.

కొన్నాళ్ళకు కొట్లాట ఆగింది. ఆగిందని టీవీలో చెప్పిన మర్నాడు పిల్లవాడు సొంత ఫోన్ నుంచి చేశాడు, "మంచిగున్న" అన్నాడు. సెలవు మాత్రం ఇప్పట్లో దొరకదన్నాడు. మా ఆయన దుకాణం ముందు పటాకులు కాల్చాడు. మా యారాలు గోడకానుకుని కూర్చుని చాలాసేపు లేవలేదు. ఒక్కపూట తిండి మాత్రం మానలేదు. "ఫోన్ల మాట్లాడిండు గని ఇల్లు చేరలే గద చెల్లే," అంది.

ఆషాఢం వచ్చింది. గల్లీలకు వేపమండలు, మామిడాకులు, మైకులు వచ్చాయి. వాటితోపాటు మా గల్లీ మొదట్లో ఒక పెద్ద ఫ్లెక్సీ వచ్చింది. మా యారాలు కూరగాయలు తెస్తూ దాని కింద ఆగిపోయింది. నేను వెనకే వస్తున్నాను. పైన పిల్లవాడి ఫోటో, దాని పక్కన ఎవరిదో పెళ్ళిలో తీసిన ఫోటోలోంచి కత్తిరించిన ఆమె మొహం, చుట్టూ బోనాల కమిటీవాళ్ళ మొహాలు, అందులో మా ఆయనది కొంచెం పెద్దగా. కింద పెద్ద అక్షరాలతో: "శత్రువును మట్టిలో కలిపితే తొలి బోనం మోస్తానని మొక్కిన వీరమాత."

"మోస్తనని నేనెప్పుడన్న?" అంది ఆమె. నన్ను అడగలేదు, ఫ్లెక్సీని అడిగింది.

ఇంటికి వచ్చి ఆయన్ని నిలదీశాను. కొట్లాట జోరుగా ఉన్న రోజుల్లో గుడి దగ్గర కమిటీ కూర్చుందట. అందరూ ఊపు మీద ఉన్నారట. ఈయన లేచి, "దుష్మన్లను మట్టిల గలిపి మా పిలగాడు మంచిగుంటె, ఈసారి బస్తీల తొలి బోనం మా వదినె ఎత్తుతది" అని అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టాడట. ఇంట్లో చెప్పలేదు. మగవాళ్ళ మొక్కులు మాకు ఎప్పుడూ ఆషాఢంలోనే తెలుస్తాయి.

అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను గానీ, వదిన నెత్తి మీద మరిది మొక్కడం అదే చూడటం. ఒకే ఇంట్లోంచి ఒకే అమ్మవారికి ఇద్దరు రెండు మొక్కులు మొక్కారు. ఒకరు మట్టిలో కలపమని, ఒకరు ఆపమని. అమ్మవారు ఏది విన్నదో ఆమెకే తెలియాలి.

మా యారాలు ఆ పూట కూడా తినలేదు. నేను పళ్ళెం పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ఎత్తకుంటె ఎట్ల చెల్లే?" అంది. "మొక్కిన మొక్కు తీర్చకుంటె అమ్మ ఊకుంటదా? నా కొడుకు మీదికి పోతదేమొ. వాడింక ఆడనె ఉండె. ఎత్తుదమంటె, మందిని సంపినందుకు సంబరంగ ఎట్ల ఎత్తాలె? అవుతల గూడ తల్లులుంటరు గద. ఆళ్ళు గూడ ఒక్కపూట తిన్నరేమొ. ఆళ్ళ మొక్కులు ఏమాయెనో." నా మోచెయ్యి పట్టుకుని, "పానం గుంజుతున్నది చెల్లే. గీ ఒక్కటి నేను మొయ్యలేను," అంది.

నేను పళ్ళెం అక్కడ పెట్టి లేచాను. దుకాణంలో మా ఆయన, లెక్కల సారు ఉన్నారు.

"నీ వదినె ఎత్తదు," అన్నాను.

ఆయన మొహం తెల్లబోయింది. "అట్లంటె ఎట్ల? మొక్కు మొక్కు గద! పిలగానికేమన్న అయితె?" వెంటనే గొంతు తగ్గించి, "పోనీ నువ్వెత్తు. ఎప్పటికి నువ్వే ఎత్తుతవు గద," అన్నాడు.

"ఎత్తిన. బర్రెకు ఎత్తిన, గోడకు ఎత్తిన, నీ మోకాలి నొప్పికి ఎత్తిన. నీ మొక్కులన్ని నా నెత్తి మీద మోసి మోసి నా నడినెత్తిన ఎంటికలే పోయినయ్. ఇది మాత్రం మొయ్య. నువ్వు మొక్కినవు, నువ్వే ఎత్తు."

"మగోణ్ని, నేను బోనమెత్తుడా? నలుగురు ఏమనుకుంటరు?"

"మొక్కంగ లేని సిగ్గు మోయంగ ఎందుకు?"

ఆయన సాయం కోసం సారు వైపు చూశాడు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మగోళ్ళు ఎత్తొద్దని యాడ లేదు," అన్నాడు. అని గిన్నె తీసుకుని పాలు పోయించుకోకుండానే వెళ్ళిపోయాడు.

పిల్లవాడికేమన్నా అయితే అన్న మాట మా ఆయన నోటి నుంచే వచ్చింది మరి. మొక్కును గాల్లో వదిలెయ్యడానికి ఆయన గుండె ఒప్పుకోదని నాకు తెలుసు. సాయంత్రం నిచ్చెన వేసుకుని తనే ఆ ఫ్లెక్సీ విప్పేశాడు. కమిటీవాళ్ళు గొణుక్కున్నారు. గొణుక్కోనియ్యి.

బోనాల ఆదివారం ఆయన ఉపవాసం ఉన్నాడు. పొద్దున పదింటికే కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. కొత్త కుండకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపమండలు కట్టింది మా యారాలే. పసుపన్నం వండి నింపింది, మూత పెట్టి పైన దీపం వెలిగించింది. "మరిది ఎత్తినా గని ఇంటి బోనమే గద," అంది. గుడ్డను కుదురులా చుట్టి ఆయన నెత్తి మీద పెట్టాను. కుండ ఎత్తి దాని మీద నిలబెట్టగానే ఆయన మోకాళ్ళు ఒక్క క్షణం వంగాయి.

"ఓ అమ్మో! గింత బరువుంటదా?" అన్నాడు.

"ఎప్పుడన్న అడిగినవా?" అన్నాను.

గల్లీలోకి దిగాం. మొదట కొందరు నవ్వారు, ఎవరో ఈల కూడా వేశారు. డప్పులవాళ్ళు ఏం కొట్టాలో తెలియనట్టు కాసేపు తడబడ్డారు. ఎప్పుడూ వాళ్ళ ముందు ఎగిరే మనిషి ఇప్పుడు మెడ కదపకుండా, కళ్ళు మాత్రం అటూ ఇటూ తిప్పుతూ, అడుగులో అడుగు వేస్తున్నాడు. ఆడవాళ్ళు బిందెలతో ఎదురొచ్చి ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోశారు. మా యారాలు ఆయన పక్కనే, చెయ్యి కొంచెం పైకి ఎత్తి పట్టుకుని నడిచింది. కుండ ఒరిగితే పట్టుకుందామని. ముట్టుకోలేదు.

మలుపు దగ్గర చాయ్ హోటల్ భాయ్ నిలబడి ఉన్నాడు, మోటార్ సైకిల్ పక్కకు పెట్టి. మా ఆయన్ని చూసి ముందు నోరు తెరిచాడు. తరవాత పాత భాయ్ అయిపోయాడు.

"గర్దన్ సీదీ రఖో భాయ్! నీచే మత్ దేఖో!" అంటూ మెడ నిటారుగా పెట్టమని, కిందికి చూడొద్దని అరిచాడు. చాలా రోజుల తరవాత ఆయన గొంతు అంత గట్టిగా విన్నాను. మా ఆయన తల తిప్పలేక కళ్ళతోనే నవ్వాడు.

గుడి దగ్గర కమిటీవాళ్ళంతా నిలబడ్డారు. బోనం దించేటప్పుడు ఏ మొక్కుకు తెచ్చామో అమ్మవారికి పైకి చెప్పుకోవాలి, అది మా దగ్గరి పద్ధతి. మైకు పట్టుకున్నతను ఆయన నోటి దగ్గర మైకు పెట్టాడు. దుష్మన్లు, మట్టి, గెలుపు, అంతా వినడానికి మంది సిద్ధంగా ఉన్నారు. నా పక్కన మా యారాలు కళ్ళు మూసుకుంది. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది, చల్లగా.

మా ఆయన అమ్మవారి వైపు చూశాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. రెండు చేతులూ కుండ మీదే ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు. ఆఖరుకు,

"అమ్మా, మా పిలగాడు ఫోన్ల మాట్లాడిండు. గంతే. ఇగ ఇంటికి తోలియ్యి," అన్నాడు.

మైకులో ఆ మాట గల్లీ చివరి దాకా పోయింది. మా యారాలు ముందుకు పోయి ఆయన నెత్తి మీది కుండ అందుకుని కిందకు దించింది.

లెక్కల సారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పోనివాళ్ళం పొమ్మనవచ్చా, వద్దనవచ్చా? సారు మాటలో కూడా నిజముంది. నా కూతురు అడిగితే నాకు తెలియదనే చెప్తాను.

ఆ సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. పిల్లవాడే. మా ఆయన మెడకు జండూబామ్ రాయించుకుంటూనే ఫోన్ అందుకున్నాడు. స్పీకర్ పెట్టబోయి, ఆగి, చెవి దగ్గరే పెట్టుకున్నాడు.

"తిన్నవా బిడ్డా?" అన్నాడు.

నేను ఆయనకు ఆనుకునే కూర్చున్నాను కాబట్టి వినబడింది. అవతల చిన్నపిల్లవాడి ఏడుపు లాంటిది ఒకటి, ఆపుకుంటున్నా ఆగనిది.

"తినబుద్ధైతలేదు చిన్నబాపూ," అన్నాడు వాడు. "శాన రోజులాయె."